మీకు తెలుసా? ఇంటర్నెట్ తాళంచెవులు ఎవరి చేతిలో ఉన్నాయో!

రైలు టికెట్ బుక్ చేసినా, బామ్మ యూట్యూబ్‌లో భజన పెట్టుకున్నా తెర వెనక ఒక పని తప్పక జరుగుతుంది. మనం కొట్టిన పేరుకు సరిపోయే అంకెల చిరునామాను కంప్యూటర్ వెతికి పట్టుకుంటుంది. ఆ వెతుకులాట నడిపించే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్, పొట్టిగా డీఎన్ఎస్. దాని మీద పెత్తనం ఎవరిదన్న తగవు దేశాల మధ్య పాతికేళ్లకు పైగా సాగుతూనే ఉంది! ఆ తగవులోంచి ఏరిన వింతలు ఇవిగో, పిల్లలకూ పెద్దలకూ!

● ఒకప్పుడు నెట్‌వర్క్‌లో కొత్త కంప్యూటర్ పేరు చేర్చాలంటే కాలిఫోర్నియాలోని ఒక ఆఫీసుకు ఫోన్ చేయాలి, అదీ ఆఫీసు వేళల్లోనే! స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో రాసి ఉంచేది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించాకే ఆ ఫైలుకు విశ్రాంతి దొరికింది.

● డాట్ కామ్ పేర్లు మొదలైన 1985లో ఏడాది మొత్తానికి ఎన్ని నమోదయ్యాయో చెప్పుకోండి చూద్దాం. లక్షా? వెయ్యా? ఆరంటే ఆరే! మార్చి 15న సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీ మొట్టమొదటి పేరు తీసుకుంది, ఇప్పుడు ఆ లెక్క 15 కోట్లు దాటింది.

● పేర్ల వ్యవస్థలో అన్నిటికంటే పైనుండే రూట్ సర్వర్లకు ఉన్న పేర్లు 13 మాత్రమే, ఇంగ్లిష్ అక్షరమాలలో ఏ నుంచి ఎమ్ దాకా! వాటి జాబితా మొత్తం 512 బైట్ల జవాబులో ఇమడాలన్నది అప్పటి నియమం. మీరిప్పుడు చదువుతున్న ఈ పేరాను తెలుగులో దాచుకోవాలన్నా 512 బైట్లు చాలవు!

● ఆ 13లో 10 అమెరికా సంస్థల చేతుల్లోనే ఉన్నాయి, మిగిలిన మూడూ స్వీడన్, నెదర్లాండ్స్, జపాన్ సంస్థలవి! అమెరికా సంస్థల్లో నాసా ఉంది, రక్షణ శాఖ ఉంది, సైన్యం పరిశోధనాలయమూ ఉంది. మరి మిగతా దేశాలకు కడుపు మండదా?

● అయితే పేర్లు 13 అయినా యంత్రాలు మాత్రం ప్రపంచమంతటా 1,500 పైనే! ఒకే చిరునామాతో ఎన్నో చోట్ల యంత్రాలు పెట్టే సాంకేతికత పుణ్యమా అని మీ ప్రశ్న దగ్గర్లో ఉన్న యంత్రానికే చేరుతుంది.

● ఇంటర్నెట్ నంబర్ల పద్దు 1970ల నుంచి దాదాపు పాతికేళ్లపాటు ఒక్క మనిషి పర్యవేక్షణలో నడిచింది! ఆయన జాన్ పోస్టెల్, గుబురు గడ్డం పెంచిన కంప్యూటర్ శాస్త్రవేత్త. ఆయన మాట మీద గురితోనే అందరూ ఆ పద్దును ఒప్పుకున్నారు.

● 1998 జనవరి 28న ఆ పోస్టెల్ పంపిన ఒక్క ఈ-మెయిల్‌తో వైట్‌హౌస్ ఉలిక్కిపడింది! రూట్ సర్వర్లు నడిపే 12 మందిలో 8 మందికి ఆయన రాసింది ఒకటే: ఇకనుంచి రూట్ జాబితాను, అంటే డాట్ కామ్ లాంటి కొసపేర్లన్నీ ఉండే అసలు పట్టికను, ప్రభుత్వ కాంట్రాక్టు కంపెనీ దగ్గర కాకుండా నా కంప్యూటర్ నుంచి తీసుకోండి. ఎనిమిది మందీ సరేనన్నారు! వాడుకరులకు తేడా ఏమీ తెలియలేదు గానీ, క్లింటన్ సలహాదారు ఐరా మాగజైనర్ మాత్రం వెంటనే వెనక్కి మార్చమని పట్టుబట్టారు. ఇది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ మళ్లీ పాత పద్ధతికి మార్చేశారు.

● ఆ పద్దును చూసుకోవడానికి పుట్టిన ఐకాన్ సంస్థ వయసు 16 రోజులప్పుడు పోస్టెల్ కన్నుమూశారు! 1998 సెప్టెంబర్ 30న కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా ఐకాన్ నమోదైంది. అక్టోబర్ 16న, 55వ ఏట, ఆయన వెళ్లిపోయారు.

● మన డాట్ ఇన్ సర్వర్ల వివరాలు రూట్ జాబితాలో మార్చాలన్నా 2016 దాకా అమెరికా వాణిజ్య శాఖ సరేననాలి! ఏ దేశం పేరులో ఏ మార్పు చేసినా ఆ శాఖ కిందున్న ఒక విభాగం ఆమోదముద్ర వేశాకే అమలయ్యేది.

● ప్రపంచం మొత్తానికి అవసరమైన ఆ రూట్ జాబితాను చూసుకునే పనికి అమెరికా ప్రభుత్వం ఐకాన్‌కు ఇచ్చిన కాంట్రాక్టు విలువ ఎంతో ఊహించండి. సున్నా డాలర్లు! డబ్బు చేతులు మారకపోయినా పెత్తనం మాత్రం కాగితం మీద అలాగే ఉండేది, గొడవంతా దాని గురించే.

● 2000లో ఇంటర్నెట్ వాడేవాళ్లు ప్రపంచవ్యాప్తంగా ఆన్‌లైన్‌లో ఓటేసి ఐకాన్ బోర్డుకు ఐదుగురిని ఎన్నుకున్నారు! ఓటేసింది 34 వేల పైచిలుకు మంది; ఐరోపా నుంచి గెలిచిన అభ్యర్థి జర్మనీలోని ఒక హ్యాకర్ల సంఘం ప్రతినిధి.

● అదే ఎన్నికలో ఉత్తర అమెరికా నుంచి గెలిచిన కార్ల్ ఆవర్‌బాక్, తాను డైరెక్టర్‌గా ఉన్న సంస్థ మీదే కేసు వేసి గెలిచారు! డైరెక్టర్‌నైన నాకే రికార్డులు చూపించరా అన్నది ఆయన ప్రశ్న, 2002లో కోర్టు చూపించమంది.

● ఇంటర్నెట్‌ను ఎవరు నడపాలో తేల్చమని ఐక్యరాజ్యసమితి వేసిన 40 మంది బృందానికి అధ్యక్షుడు మన భారతీయుడే! నితిన్ దేశాయ్ నడిపిన ఆ బృందం 2005లో ఒక్క జవాబుకు బదులు నాలుగు నమూనాలు చేతికిచ్చింది.

● అదే ఏడాది నవంబర్‌లో ట్యునీషియా రాజధానిలో 19 వేల మందికి పైగా చేరి చర్చించినా రూట్ జాబితా మీద అమెరికా పట్టు ఇసుమంత కూడా సడలలేదు! బదులుగా అందరూ కూర్చుని మాట్లాడుకునే వేదిక ఒకటి పుట్టింది. ఆ వేదికకు ఎవరినీ కట్టడి చేసే తీర్మానాలు చేసే అధికారం లేదు, అందుకే అక్కడ దేశాలు కాస్త మనసు విప్పి మాట్లాడతాయి!

● ఆ వేదిక మూడో సమావేశం ఎక్కడ జరిగిందో తెలుసా? మన హైదరాబాద్‌లో! 2008 డిసెంబర్ 3 నుంచి 6 వరకు అంతర్జాతీయ సమావేశ కేంద్రంలో, ముంబై దాడులు జరిగి పట్టుమని పది రోజులైనా కాకముందే, దేశదేశాల ప్రతినిధులు వచ్చి కూర్చున్నారు.

● 2011లో భారత్ ఐక్యరాజ్యసమితికి ఒక ప్రతిపాదన పెట్టింది: 50 దేశాల కమిటీ ఒకటి ఏటా రెండు వారాలు జెనీవాలో కూర్చుని ఇంటర్నెట్ విధానాలు చూడాలని! ప్రభుత్వాల చేతికే పగ్గాలిస్తారా అంటూ దేశంలోనే విమర్శలొచ్చాయి. 2015కల్లా మన ప్రభుత్వం అన్ని వర్గాలూ కలిసి నడిపే పద్ధతికే మద్దతు ప్రకటించింది.

● 2012 డిసెంబర్‌లో దుబాయ్ టెలికాం ఒప్పందం దగ్గర ప్రపంచం రెండుగా చీలింది: అక్కడికక్కడ సంతకం పెట్టినవి 89 దేశాలు, పెట్టనివి 55! ఇంటర్నెట్ సంగతులు ఆ ఒప్పందంలోకి రావాలా వద్దా అన్నదే చిక్కుముడి. ఆరోజు సంతకం పెట్టని దేశాల్లో మనమూ ఉన్నాం.

● పెత్తనం వదులుకోవడానికి అమెరికా మొదట పెట్టుకున్న గడువు 2000 సెప్టెంబర్, నిజంగా వదిలింది 2016 అక్టోబర్ 1న! అంటే ఆలస్యం అక్షరాలా 16 ఏళ్లు, ఆ గడువు నాడు పుట్టిన పాప అప్పటికి పదో తరగతి దాటేసి ఉంటుంది.

● ఆ పెత్తనం బదిలీ ఎలా జరగాలో రాసుకోవడానికి 600కు పైగా సమావేశాలు, 32 వేలకు పైగా ఈ-మెయిళ్లు ఖర్చయ్యాయి! తీరా గడువు ముంచుకొచ్చాక టెక్సాస్, అరిజోనా, ఓక్లహామా, నెవాడా రాష్ట్రాలు ఆపమంటూ కోర్టుకెక్కాయి; సెప్టెంబర్ 30న జడ్జి కుదరదన్నారు, అర్ధరాత్రి కాంట్రాక్టు ముగిసిపోయింది.

● మరి అమెరికా పట్టు వదిలాక ఐకాన్ మొదటి మహాసభ ఎక్కడ? మళ్లీ హైదరాబాద్‌లోనే, అదే సమావేశ కేంద్రంలో, ఈసారీ 3వ తారీఖునే మొదలు! 2008లో ఆ ఊరు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధాని, 2016 నవంబర్ 3 నాటికి అక్కడ తెలంగాణ ఏర్పడి ఉంది. సభ ముగిసే ముందు రాత్రే పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది, విదేశీ అతిథుల జేబుల్లో ఉన్న 500, 1000 నోట్ల గతి ఊహించుకోండి!

● సోవియట్ యూనియన్ పోయి మూడు దశాబ్దాలు దాటినా దాని ఇంటర్నెట్ పేరు డాట్ ఎస్‌యూ ఇంకా బతికే ఉంది! 1990 సెప్టెంబర్‌లో పేరు వచ్చింది, 15 నెలలకు దేశమే లేకుండా పోయింది. యుగోస్లావియా పేరును మాత్రం 2010లో తీసేశారు.

● ఏది దేశం, ఏది కాదు అని తేల్చే తలనొప్పి పెట్టుకోకుండా పోస్టెల్ ఒక అంతర్జాతీయ ప్రమాణాల జాబితాను తెచ్చి వాడుకున్నారు! ఆ జాబితాలో చేరింది కాబట్టి పాలస్తీనాకు 2000లో సొంత డొమైన్ వచ్చింది, చేరలేదు కాబట్టి కొసావోకు రాలేదు.

● దాదాపు 16 వేల జనాభా ఉన్న ఆంగ్విల్లా దీవికి 2023లో డొమైన్ల మీదే 3 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి! ఆ దీవి పొట్టి పేరు డాట్ ఏఐ, కృత్రిమ మేధ కంపెనీలు దానికోసం ఎగబడ్డాయి. ప్రభుత్వ ఆదాయంలో ఇంచుమించు ఐదో వంతు అక్కడినుంచే.

● 1,500 మంది ఉండే టోకెలావు దీవుల పేరు మీద ఒకప్పుడు 2 కోట్లకు పైగా డొమైన్లు ఉండేవి! ఉచితంగా పంచడంతో తలకు 13 వేల చొప్పున పడ్డాయి.

● 2022లో రష్యా పేర్లను రూట్ నుంచి తీసేయమని ఉక్రెయిన్ అడిగితే ఐకాన్ కాదంది! యుద్ధంలో ఎవరి పక్షమూ పట్టకుండా ఇంటర్నెట్ అందరికీ పనిచేసేలా చూడటమే తన పనని జవాబిచ్చింది. ఈ మీట ఒకే దేశం చేతిలో ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

● అమెజాన్ పేరు కంపెనీదా, నదిదా? ఈ ఒక్క ప్రశ్న తేలడానికి ఏడేళ్లు పట్టింది! 2012లో డాట్ అమెజాన్ అనే కొసపేరు కోసం కంపెనీ దరఖాస్తు పెట్టగానే ఆ నదీ ప్రాంతపు ఎనిమిది దేశాలు అడ్డుపడ్డాయి, 2019లో తీర్పు కంపెనీ వైపు వచ్చింది.

● కొత్త కొసపేర్ల కోసం జరిగిన ఆ 2012 విడతలో ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు, వచ్చినవి 1,930! ఏది ముందు పరిశీలించాలో లాటరీ తీశారు. 100 డాలర్ల టికెట్ కోసం మనుషులు స్వయంగా లాస్ ఏంజెలెస్ వెళ్లాల్సి వచ్చింది, ఒకటో నంబర్ వాటికన్‌కు తగిలింది!

● రూట్ జాబితా నకిలీ కాకుండా కాపాడే రహస్య తాళానికి కాపలాదారులు 21 మంది, దేశదేశాల నుంచి ఎంపికైనవాళ్లు! ఏడాదికి నాలుగుసార్లు జరిగే ఆ తంతును ప్రపంచమంతా ప్రత్యక్ష ప్రసారంలో చూడవచ్చు. సీలు వేసిన సంచుల్లోంచి కార్డులు తీస్తారు, ముందే రాసిపెట్టుకున్న వరుసలో ఒక్కో అడుగూ వేస్తారు, ప్రతి అడుగు పక్కనా టైము రాస్తారు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఇనప్పెట్టె తాళం మొరాయించింది, చివరికి డ్రిల్లింగ్ చేసి తెరవాల్సి వచ్చింది! కార్యక్రమం నాలుగు రోజులు వెనక్కిపోయింది.

● వెబ్ చిరునామా చివర తెలుగు లిపిలో .భారత్ అని రాయవచ్చని తెలుసా? 2011లోనే ఏడు లిపుల్లో మన దేశం పేరు రూట్ జాబితాకెక్కింది, వాటిలో తెలుగు ఒకటి. కంప్యూటర్ మాత్రం దాన్ని ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గీతలు కలిసిన 13 గుర్తుల గొలుసుగా చదువుకుంటుంది! తెలుగులో రాసిన ఈ-మెయిల్ చిరునామా ఇస్తే తప్పు అని తిప్పికొట్టే వెబ్‌సైట్లు ఇప్పటికీ బోలెడు. అలాంటిది మీకు ఎదురైతే ఊరుకోకండి, నిర్వాహకులకు రాయండి. ఇంటర్నెట్ ఎవరిదని ఇన్నేళ్లుగా దేశాలు అడుగుతున్నాయి కదా, మనమూ అడుగుదాం, అదీ తెలుగులో!