గసగసాలూ, గర్భిణికి చేసే మత్తుమందు పరీక్షా

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంటుని. అయినా అమెరికాలో కాన్పుకి సిద్ధమవుతున్న మనవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి.

ఇక్కడ కొన్ని ఆస్పత్రుల్లో గర్భిణుల మూత్రాన్ని మత్తుమందుల కోసం పరీక్షిస్తారు. తల్లి మార్ఫిన్, హెరాయిన్ వంటి ఓపియాయిడ్లు వాడితే పుట్టిన బిడ్డకి వణుకు, ఆగని ఏడుపు, పాలు సరిగా తాగలేకపోవడం రావచ్చు. ముందే తెలిస్తే వైద్యులు సిద్ధంగా ఉంటారు. ఉద్దేశం మంచిదే.

చిక్కల్లా పరీక్షతోనే. మొదట చేసేది ఇమ్యునోఅస్సే. చవక, త్వరగా తేలుతుంది. కానీ అది ఆ జాతి మందు ఉన్నట్టుందని మాత్రమే చెబుతుంది. మామూలు ఓపియేట్ పరీక్షకి ఫెంటానిల్, మెథడోన్ దొరకవు. గసగసాలు మాత్రం దొరుకుతాయి!

గసగసాలు నల్లమందు మొక్క గింజలే కదా. వాటిమీద మార్ఫిన్, కొడీన్ కాస్త అంటుకుని ఉంటాయి. శ్రీమంతం విందులో గసగసాలు వేసిన కుర్మా తింటే మత్తు రాదు గాని పరీక్ష పాజిటివ్ రావచ్చు. అందుకే 1998లో అమెరికా ప్రభుత్వం తన ఉద్యోగుల పరీక్షకి హద్దుని మిల్లీలీటరుకి 300 నుంచి 2000 నానోగ్రాములకి పెంచింది. ఆస్పత్రుల్లో ఇంకా 300 వాడే చోట్లున్నాయి.

పాజిటివ్ వస్తే మాస్ స్పెక్ట్రోమెట్రీతో రెండో పరీక్ష అడగండి. ఏ మందు, ఎంత అన్నది అందులో తెలుస్తుంది. హెరాయిన్ నుంచి మాత్రమే వచ్చే ఆనవాలు ఉందేమో కూడా చూడగలరు. అయితే గింజల మార్ఫిన్ కూడా నిజమైన మార్ఫినే. కాబట్టి ఏం తిన్నారో, ఇండియా నుంచి తెచ్చుకున్న కొడీన్ దగ్గుమందు ఏదైనా తాగారో ముందే చెప్పండి.

అనుమతి మాటకొస్తే, పోలీసులకి సాక్ష్యం కోసం ప్రభుత్వ ఆస్పత్రి గర్భిణిని అడక్కుండా పరీక్షించడం రాజ్యాంగ విరుద్ధమని 2001లో చార్ల్స్‌టన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ముందు ప్రశ్నలడిగి, పరీక్ష ఒప్పుకుంటేనే చెయ్యాలని ప్రసూతి వైద్యుల సంఘం కూడా అంటుంది. కానీ చట్టాలు రాష్ట్రానికొక రకం. కొన్నిచోట్ల ఫలితం శిశు సంక్షేమ శాఖకి వెళుతుంది. పరీక్ష దేనికి, ఫలితం ఎవరికి వెళుతుందని సంతకం పెట్టేముందే అడగండి.

ఎవరైనా నిజంగానే ఆ మాత్రలకి అలవాటు పడి ఉంటే, భయపడి ఒక్కసారిగా మానెయ్యకండి. అది తల్లికీ బిడ్డకీ ప్రమాదం. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్‌తో గర్భిణులకి వైద్యం ఉంది. డాక్టరుకి చెప్పండి. చుట్టాలు ఏమనుకుంటారో అని దాచుకునే విషయం కాదిది.