పాత కార్లకు తగిన పెట్రోలు

పాత కార్లకు తగిన పెట్రోలు అనే ప్రశ్న, ఇంజనులోకి ఇంధనమును కార్బురేటరు ద్వారా పంపే కార్లు గలవారికి తరచుగా ఎదురయ్యేది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలి తరం మారుతి 800 ఇటువంటివి. ఈ కార్లు తయారైన నాటి పెట్రోలుకు, నేటి పెట్రోలుకు మూడు తేడాలు కలవు: సీసము పోయినది, ఆక్టేన్ సంఖ్య పెరిగినది, ఇథనాలు చేరినది. మొదటి రెండు మార్పుల వలన పాత కారుకు కలిగే ఇబ్బంది స్వల్పము. అసలు చూసుకోవలసినది మూడవదే. కృత్తివెన్ను, మచిలీపట్నం, దివిసీమ వంటి తేమ గల సముద్ర తీర ప్రాంతాలలో దీని ప్రభావము మరింత హెచ్చు.

ఏ కార్ల గురించి

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ బ్రిటనుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారముగా 1957లో మొదలై 2014 వరకు తయారైనది. ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100కు భారతీయ రూపము. మారుతి 800 డిసెంబరు 1983లో వచ్చినది. కృష్ణా డెల్టాలో అద్దెకు తిరిగిన అంబాసిడర్లలో డీజిలు బండ్లు కూడా ఉండేవి. వాటికి ఈ వ్యాసములోని విషయములు వర్తించవు. బండి కొనేవారు ముందుగా ఆ సంగతి తేల్చుకొనుట మంచిది.

ఆక్టేన్ సంఖ్య

సిలిండరులో పెట్రోలు, గాలి మిశ్రమము నొక్కబడిన తరువాత స్పార్కు ప్లగ్గు నిప్పుతో క్రమముగా మండవలెను. అలా కాక, మండకుండా మిగిలిన మిశ్రమము వేడికీ, పీడనానికీ తనంతట తానే ఒక్కసారిగా అంటుకొంటే టకటకమని చప్పుడు వచ్చును. మెకానిక్కులు దీనిని నాకింగ్ అంటారు. దీనిని తట్టుకొనే శక్తికి కొలతయే ఆక్టేన్ సంఖ్య. ఐసో ఆక్టేన్ అనే పదార్థమునకు 100, నార్మల్ హెప్టేన్ కు 0 అని నిర్ణయించి, వాటి మిశ్రమములతో పోల్చి ఈ సంఖ్యను లెక్కిస్తారు.

ఆక్టేన్ సంఖ్య ఎక్కువైతే పెట్రోలులో బలము ఎక్కువని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. మిశ్రమమును ఎక్కువగా నొక్కే ఇంజనుకు మాత్రమే ఎక్కువ ఆక్టేన్ అవసరము. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజను మిశ్రమమును దాదాపు ఏడో వంతుకు మాత్రమే కుదిస్తుంది. ఒకప్పుడు దేశములో 87 ఆక్టేన్ పెట్రోలుతోనే ఇటువంటి బండ్లు నడిచినవి. భారత్ స్టేజ్ 3 ప్రమాణము నుండి సాధారణ పెట్రోలుకు కనీసము 91 ఉండవలెను. 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలుకు ఇది 95. కనుక 'ప్రీమియం' పెట్రోలుకు అదనముగా చెల్లించే సొమ్ము ఇట్టి ఇంజనుకు ఆక్టేన్ పరముగా వృథాయే. పాత ఇంజను నాకింగ్ కొడుతూ ఉంటే బంకు మార్చే ముందు ఇగ్నిషను టైమింగు, సిలిండరు తలలో పేరుకొన్న మసి చూపించుకొనవలెను.

సీసము

1921లో అమెరికాలోని జనరల్ మోటార్స్ లో థామస్ మిడ్‌గ్లీ, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనము నాకింగ్ ను అరికడుతుందని కనుగొనెను. అది చౌక, కాని విషము. భారతదేశములో సీసరహిత పెట్రోలు 1995 ఏప్రిల్ 1న నాలుగు మహానగరాలలో మొదలై, 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా అమలైనది. ప్రపంచములో చివరిగా అల్జీరియా 2021లో దీనిని మానివేసినది.

సీసము ఇంజనులో మరొక పని కూడా చేసేది. ఎగ్జాస్టు వాల్వు కూర్చునే పీట మీద పలుచని పొరగా ఏర్పడి దానిని అరగకుండా కాపాడేది. ఆ పొర లేనిచో మెత్తని పోత ఇనుప పీటలు అరిగిపోవచ్చును. అయితే ఈ అరుగుదల ఎక్కువ వేగము మీద, బరువు మీద నడిచేటప్పుడే త్వరగా జరుగుతుంది. మన రోడ్ల మీద నెమ్మదిగా తిరిగే పాత కారుకు భయము తక్కువ. ఇంజను పని పెట్టుకొన్నప్పుడు గట్టి లోహపు పీటలు వేయించినచో ఈ బెడద తీరును.

ఇథనాలు

ఇథనాలు చెరకు మొలాసిస్, బియ్యపు నూకలు, మొక్కజొన్న వంటి వాటి నుండి తయారయ్యే సారాయి జాతి ద్రవము. పెట్రోలులో 5 శాతం ఇథనాలు కలిపే పథకము 2003లో ఆంధ్ర ప్రదేశ్ తో సహా తొమ్మిది రాష్ట్రాలలో మొదలైనది. దేశవ్యాప్త సగటు 2022 జూన్ నాటికి 10 శాతమునకు చేరినది. 20 శాతం మిశ్రమము 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై 2025 నాటికి దేశమంతటా వ్యాపించినది. ఇథనాలు లేని పెట్రోలు కూడా బంకులలో ఉంచవలెనని వేసిన వ్యాజ్యమును సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసినది.

పాత కారుకు దీని వలన కలిగే మార్పులు మూడు విధములు. మొదటిది, లీటరు ఇథనాలులో ఉండే శక్తి పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే. 20 శాతం మిశ్రమముతో పాత నాలుగు చక్రాల వాహనాల మైలేజీ 6 నుండి 7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసినది.

రెండవది గాలి పాలు. ఒక కిలో పెట్రోలు మండుటకు దాదాపు 14.7 కిలోల గాలి కావలెను, ఇథనాలుకు 9 కిలోలు చాలును. కొత్త కారులోని కంప్యూటరు ఈ తేడాను గ్రహించి ఇంధనమును సరిచేసుకొంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు. అందుచే మిశ్రమము పలుచబడి, పొద్దుటిపూట స్టార్టు కాకపోవుట, పికప్ తగ్గుట, ఇంజను వేడెక్కుట సంభవించును. ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేయించి ట్యూనింగు చేయిస్తే చాలావరకు సరిపోతుంది.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపు లోని డయాఫ్రమును, బెండు వాషర్లను ఉబ్బించి, పగిలేటట్లు చేయగలదు. కారిన పెట్రోలు వేడి ఇంజను మీద పడితే నిప్పు అంటుకొనే అవకాశము కలదు. వైటాన్ జాతి రబ్బరు గొట్టములు, సీళ్ళు వేయించుటకు అయ్యే ఖర్చు తక్కువే. పైగా, ట్యాంకులో ఏళ్ళ తరబడి పేరుకొన్న తుప్పు, జిగురు ఇథనాలు వలన వదులై ఫిల్టరులో అడ్డుపడును. కనుక మొదటి కొన్ని ట్యాంకులలో ఫిల్టరును రెండు మూడు సార్లు మార్చవలెను.

తేమ, నిల్వ

ఇథనాలు నీటిని పీల్చుకొంటుంది. ఈ కారణము చేతనే దానిని పెట్రోలుతో కలిపి గొట్టపు మార్గము ద్వారా దూరము పంపక, డిపోల వద్ద ట్యాంకరు నింపేటప్పుడు కలుపుతారు. కారు ట్యాంకులో నీరు ఒక హద్దు దాటితే ఇథనాలు, నీరు కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగుకు చేరును. ట్యాంకు నుండి ఇంజనుకు పోయే గొట్టము మూతి అడుగునే ఉండుట చేత ముందుగా ఆ నీళ్ళే కార్బురేటరుకు పోవును. దాని జింకు, అల్యూమినియము భాగాలు తెల్లగా పూసి పాడగును.

ఉప్పు గాలి, చెరువుల తేమ గల కృత్తివెన్ను వైపు, పెళ్ళిళ్ళకూ పండుగలకూ మాత్రమే బయటకు తీసే కారు ఈ ముప్పుకు తేలికగా లోనగును. సగము ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడల మీద రాత్రివేళ నీటి చెమట పట్టును. కారును నెలల తరబడి నిలిపి ఉంచేవారు ట్యాంకును నిండుగా ఉంచుట, లేదా పూర్తిగా ఖాళీ చేయుట మేలు. మూత రబ్బరు సరిగా బిగిసేటట్లు చూడవలెను.

ఇథనాలు లేని పెట్రోలుగా ఇండియన్ ఆయిల్ వారి ఎక్స్‌పీ 100 దొరుకును. 2020 డిసెంబరులో విడుదలైనప్పుడు దీని ధర ఢిల్లీలో లీటరు 160 రూపాయలు. ఇది ఎంపిక చేసిన నగరాలలోని కొన్ని బంకులకే పరిమితము, పల్లెటూరి బంకులో ఆశించరాదు. పాత కారుకు ఇందులో పనికివచ్చేది ఇథనాలు లేకపోవుటయే గాని 100 ఆక్టేన్ కాదు. రోజూ తిరిగే బండికి ఇది దండుగ. ఏడాదికి నాలుగు సార్లు తీసే బండికి మాత్రము నిల్వకు ముందు పోయించుకొనుట అర్థవంతమే.

పరీక్షలు

బంకులో ఫిల్టరు కాగితము అడిగి, దాని మీద ఒక చుక్క పెట్రోలు వేసి ఆరనిచ్చిన తరువాత మరక మిగిలినచో కిరోసిను వంటి కల్తీని అనుమానించవచ్చును. ఈ పరీక్షకు ఇథనాలు దొరకదు, ఎందుకనగా అది కూడా మరక లేకుండా ఆరిపోవును. ఇథనాలు తెలుసుకొనుటకు, ఆరుబయట, నిప్పుకు దూరముగా, కొలత గీతలు గల గాజు గొట్టములో 50 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీరు పోసి కుదిపి నిలువ ఉంచవలెను. పెట్రోలులోని ఇథనాలు నీటిలోకి దిగును. అడుగు పొర 10 వద్దనే ఉన్నచో ఇథనాలు లేనట్లు, సుమారు 15 అయినచో 10 శాతం, సుమారు 20 అయినచో 20 శాతం ఉన్నట్లు.