పడిపోవడం నేర్పే విమానం

హైదరాబాదు తూర్పు భాగాన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలు పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లకు పేరుపడినవి. అక్కడ చదివే యువతలో ఎవరైనా వాయుసేన పైలట్‌గా ఎంపికైతే, వారి తర్వాతి చదువు నగరానికి మరో కొసన, మెట్రో చివరి స్టేషను మియాపూర్‌ను కూడా దాటి, దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో సాగుతుంది. అక్కడ వారు మొదట ఎక్కేది యుద్ధవిమానం కాదు, గురువూ శిష్యుడూ మాత్రమే పట్టే రెండు సీట్ల శిక్షణ విమానం.

ఇటువంటి విమానాన్ని దేశంలోనే తయారుచేయాలన్న ప్రయత్నం పాతదే. డాక్టర్ వి.ఎం. ఘాటగే రూపకల్పన చేసిన హెచ్‌టి-2ను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ 1951 ఆగస్టులో ఎగురవేసింది. దాని వారసురాలైన హెచ్‌పిటి-32 దీపక్ 1977లో తొలిసారి ఎగిరి, 1984లో వాయుసేనలో చేరింది. పక్కపక్కన సీట్లుండడంతో విద్యార్థి చేయి ఎటు కదులుతోందో గురువుకు కనిపించేది గాని, ఇంధన సరఫరాలో అంతరాయం వల్ల ఇంజన్ గాలిలోనే ఆగిపోయే లోపం ఆ విమానాన్ని చివరిదాకా వెంటాడింది. పైగా అందులో ఇజెక్షన్ సీటు, అంటే ఆపదలో పైలట్‌ను సీటుతో సహా బయటికి విసిరే ఏర్పాటు, లేదు. మొత్తం 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు మరణించారు; 2009 జూలై చివరిలో మెదక్ జిల్లాలో ఇద్దరు శిక్షకులను బలిగొన్న ప్రమాదంతో వాయుసేన ఆ విమానాలన్నిటినీ నేలకు దించింది. అంతకాలం ఎందుకు ఆగవలసి వచ్చిందన్నది అడగదగిన ప్రశ్నే.

కొంతకాలం కిరణ్ జెట్లతోనే తొలి పాఠాలు చెప్పి, 2012లో స్విట్జర్లాండ్‌కు చెందిన 75 పిలాటస్ పిసి-7 మార్క్-2 విమానాలకు ఒప్పందం కుదుర్చుకుని, మరుసటి ఏడాది మే నెలలో దుండిగల్‌లో వాటిని ప్రవేశపెట్టారు. ఇజెక్షన్ సీట్లున్నా ప్రమాదం పూర్తిగా తొలగదని 2023 డిసెంబరులో తూప్రాన్ వద్ద పిలాటస్ కూలి ఇద్దరు పైలట్లు మరణించడం చూపింది.

ఈలోగా హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారసురాలైన హెచ్‌ఎఎల్ సొంత నిధులతో హెచ్‌టిటి-40 పనికి పూనుకుంది. పిలాటస్ కన్నా ఖరీదవుతుందని వాయుసేన మొదట దీనికి సుముఖత చూపలేదు. గ్యాస్ టర్బైన్ శక్తితో ప్రొపెల్లరును తిప్పే టర్బోప్రాప్ ఇంజన్, ముందువెనుక సీట్లు, నేల మీద నిశ్చలంగా ఉన్నా పనిచేసే ఇజెక్షన్ ఏర్పాటు గల ఈ విమానం 2016 మే 31న బెంగళూరులో తొలిసారి ఎగిరింది.

అయితే శిక్షణ విమానానికి ఎగరడం కన్నా కష్టమైన పరీక్ష స్పిన్. వేగం తగ్గి, రెక్కల వాలు మితిమీరినప్పుడు వాటి పైభాగాన గాలి అంటిపెట్టుకుని ప్రవహించక ఎత్తే బలం పడిపోవడాన్ని స్టాల్ అంటారు. ఒక రెక్క మరొకదాని కన్నా ఎక్కువగా స్టాల్ అయితే విమానం ముక్కు దించి గిర్రున తిరుగుతూ జారిపోతుంది, అదే స్పిన్. ప్రయాణికుల విమానం ఈ స్థితి దరిదాపులకు పోకుండా ఉంటే చాలు గాని, శిక్షణ విమానం కావాలని అందులోకి దిగి, తడబడే విద్యార్థి చేతుల్లో కూడా నమ్మకంగా బయటపడాలి. తిరుగుడును ఆపేది తోకలోని చుక్కాని. స్పిన్‌లో మాత్రం అడ్డతోక నీడలో పడి దానికి తగినంత గాలి తగలకపోవచ్చు. హెచ్‌టిటి-40 విషయంలో తోకలోని నిలువు భాగాన్నీ చుక్కానినీ సవరించి, వరుసగా ఆరు చుట్ల స్పిన్‌ల నుంచి రెండు వైపులా కోలుకుంటుందని రుజువు చేయడానికి ఏళ్లు పట్టింది. బయటికి ఆలస్యంగా కనిపించిన ఆ కాలమే ఈ విమానం అసలు విలువ.

2023 మార్చిలో సుమారు 6,800 కోట్ల రూపాయలకు 70 విమానాల ఒప్పందం కుదిరింది; శ్రేణి ఉత్పత్తిలోని మొదటి విమానం 2025 అక్టోబరులో ఎగిరింది. ఇంజన్లు మాత్రం అమెరికా సంస్థ హనీవెల్‌వి. అవి సకాలంలో అందకపోవడంతో వాయుసేనకు అప్పగింత అనుకున్న గడువును దాటింది.