బూజు పట్టిన వేరుసెనగ చెక్క

వరిగడ్డి పశువు కడుపు నింపును. కాని అందులో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. ఆ లోటు తీర్చుటకే పాడిపశువుకు వేరుసెనగ చెక్క నానబెట్టి పెట్టుదురు. ఇందులో అవి 40 పాళ్లకు పైగా ఉన్నవి. తవుడు దీనికి సాటి రాదు.

అయితే చెక్కకు చెమ్మ తగిలిన బూజు పట్టును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కాలేయము చెడి చనిపోయినవి. విచారింపగా, బ్రెజిలు నుండి తెచ్చిన వేరుసెనగ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన విషము బయటపడినది. అదియే అఫ్లాటాక్సిన్.

పాడిపశువు దానిని తినినచో కొంత భాగము రూపుమారి పాలలోనికి దిగును. పాలు కాచినను పోదు. పైబూజు గీకివేసి చెక్క నానవేయువారు కలరు. బూజు పోవును గాని, విషము లోపలనే నిలుచును. అట్టి చెక్కను పశువులకు గాని, కోళ్లకు గాని పెట్టరాదు. వానకాలమున బస్తాలను నేలకు, గోడకు తగులకుండ బల్లలపై పేర్చవలెను.