విచారణ సంఘాల ముందు సాక్ష్యం: ఖర్చు ఎవరిది, హక్కు ఎవరిది?

2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి క్రీడామైదానం వద్ద జరిగిన తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ దుర్ఘటనకు కారణాలు తేల్చేందుకు కర్ణాటక ప్రభుత్వం హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ జాన్ మైఖేల్ డి కున్హాతో ఏకసభ్య విచారణ సంఘాన్ని నియమించింది. సంఘం అదే ఏడాది జులైలో నివేదిక సమర్పించింది. ఇటువంటి సంఘాల ముందుకు సాధారణంగా రెండు రకాల సాక్షులు వస్తారు. మొదటివారు ప్రభుత్వోద్యోగులు. రెండవవారు సంఘటనను కళ్లారా చూసినవారు, గాయపడినవారు, ఆప్తులను పోగొట్టుకొన్నవారు. మొదటివారికి ఖజానా అండగా నిలుస్తుంది. రెండవవారికి ఏ అండ ఉన్నదో పన్ను చెల్లించే ప్రతి పౌరుడూ తెలుసుకోవాలి.

అధికార సాక్షికి అయ్యే ఖర్చు

అధికారి సాక్ష్యం చెప్పడం ఉద్యోగ విధిలో భాగం. అందువల్ల అతని ప్రయాణ భత్యాన్ని, దినభత్యాన్ని శాఖే భరిస్తుంది. హాజరైన రోజుకు జీతం తగ్గదు. ప్రమాణపత్రాలు రూపొందించడానికి, పాత దస్త్రాలు వెదికి నకళ్లు తీయడానికి సిబ్బంది ఉంటారు. శాఖ తరఫున నిలిచే న్యాయవాదుల రుసుము కూడా ప్రజాధనం నుండే వస్తుంది.

దీనినంతటినీ దుబారా అనడం సరికాదు. ఎవరు ఏ ఉత్తర్వు ఇచ్చారు, అనుమతి ఎప్పుడు లభించింది, ఏ హెచ్చరిక ఎవరి బల్ల మీద ఆగిపోయింది అనే నిజాలు దస్త్రాలలోనే ఉంటాయి. వాటిని క్రమంగా అమర్చి తెచ్చేవారు లేకపోతే విచారణ ఊహల మీద నడుస్తుంది. అయితే శాఖ న్యాయవాది మొదట శాఖ ప్రయోజనాన్నే చూస్తాడు. కింది ఉద్యోగి చెప్పదలచిన నిజం పై అధికారులకు ఇబ్బంది కలిగించేదైతే, అదే న్యాయవాది ఆ ఇద్దరికీ అండగా నిలవలేడు. నిజం చెప్పడానికి తోడ్పడే ఖర్చు వేరు, నిజాన్ని కప్పిపుచ్చడానికి పెట్టే ఖర్చు వేరు.

లెక్క ఎక్కడ కనిపిస్తుంది?

విచారణ సంఘం సొంత వ్యయం చట్టసభలలో ప్రశ్నలకు వచ్చే జవాబుల ద్వారా తెలుస్తుంది. 1992 డిసెంబరులో నియమితమైన లిబర్హాన్ సంఘానికి 48 సార్లు గడువు పొడిగించారు. అది 2009 జూన్‌లో నివేదిక ఇచ్చేనాటికి సుమారు 8 కోట్ల రూపాయలు ఖర్చయింది. శాఖలు తమ సాక్షుల కోసం చేసే వ్యయం మాత్రం జీతాలు, ప్రయాణాలు, న్యాయవాద రుసుములు అనే వేర్వేరు పద్దులలో కలిసిపోతుంది. బ్రిటన్‌లో కోవిడ్ మహమ్మారిపై 2022లో మొదలైన విచారణ విషయంలో ఈ రెండు లెక్కలూ విడివిడిగా వెల్లడయ్యాయి. పత్రాలు, సాక్ష్యాలు సమకూర్చడానికి ప్రభుత్వం చేసిన ఖర్చే 2025 నాటికి సుమారు 10 కోట్ల పౌండ్లకు చేరింది. అది విచారణ సంఘం సొంత ఖర్చుకు అదనం.

సామాన్య సాక్షికి చట్టం ఇచ్చినది

మన దేశంలో ఇటువంటి సంఘాలకు ఆధారం 1952 నాటి విచారణ సంఘాల చట్టం. సమన్లు పంపి సాక్షిని రప్పించడంలో సంఘానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉంటాయి. సమన్లపై వచ్చేవారికి చెల్లించవలసిన ప్రయాణ, ఇతర ఖర్చులపై నియమాలు చేసే అధికారాన్ని 12వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. కనుక పని మానుకొని వచ్చిన కూలీ గాని, మేస్త్రీ గాని తన ఖర్చుల గురించి సంఘం కార్యదర్శిని అడగడానికి సంకోచించనక్కరలేదు.

సంఘం అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబును ఆ సాక్షికి వ్యతిరేకంగా మరొక సివిల్ లేదా క్రిమినల్ కేసులో వాడరాదని 6వ సెక్షన్ చెబుతుంది. అబద్ధపు సాక్ష్యానికి మాత్రం ఈ రక్షణ లేదు. న్యాయవాది విషయంలో తేడా ఉంది. 8సి సెక్షన్ ప్రకారం ప్రభుత్వానికీ, విచారణ వలన ప్రతిష్ఠకు భంగం కలిగే అవకాశమున్న వారికీ న్యాయవాదిని నియమించుకొనే హక్కు, ఎదుటి సాక్షులను ప్రశ్నించే హక్కు ఉన్నాయి. ఇతర సాక్షులు అందుకు సంఘం అనుమతి పొందాలి. అనుమతి దొరికినా రుసుము భారం మిగులుతుంది. ఆప్తుని కోల్పోయిన కుటుంబం ఒంటరిగాను, శాఖ న్యాయవాదుల బృందంతోను హాజరైతే ఆ వేదిక సమానమైనదని చెప్పలేము.

పౌరులు చేయగలిగినది

న్యాయ సలహా కోసం జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, సామూహిక విపత్తుల బాధితులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం గలవారు ఉచిత న్యాయ సేవలకు అర్హులు. ఇందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. స్థానిక భాషలో ధారాళంగా మాట్లాడలేనివారు సాక్ష్యానికి ముందే దుబాసీ కావాలని కోరడం మంచిది. అర్థం కాని వాంగ్మూలంపై సంతకం చేయరాదు.

శాఖ తన సాక్షులపై, న్యాయవాదులపై ఎంత వెచ్చించిందో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలి. కర్ణాటకలోనైతే కన్నడం, తమిళనాడులోనైతే తమిళం అన్నమాట. వ్రాయలేనివారు నోటితో చెబితే దానిని వ్రాతలో పెట్టడానికి సమాచార అధికారి సాయపడాలని చట్టమే నిర్దేశించింది. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి.

నివేదిక వచ్చిన తరువాత ఆరు నెలలలోగా, తీసుకొన్న చర్యల వివరణతో సహా ప్రభుత్వం దానిని చట్టసభ ముందుంచాలి. ఆ సమయంలో పౌరులు తమ శాసనసభ్యుని రెండు లెక్కలు కోరవచ్చు: అధికార సాక్షులకు ఎంత ఖర్చయింది, బాధిత సాక్షులకు ఎంత చెల్లించారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే, విచారణలో ఎవరి మాటకు ఎంత ఆసరా లభించిందో తెలుస్తుంది.