రాజ్‌భవన్ రట్టు సరే... గనుల మాట ఏమైంది?

నాయకుల పడకగది సంగతులు బయటపడినప్పుడల్లా పెద్దమనుషులు ఒక మాట అంటూ వుంటారు. ఇదంతా జనం దృష్టి మళ్లించే ఎత్తు అనీ, అసలు సమస్యలు మరుగున పడతాయనీ. వినడానికి బాగానే వుంటుంది. అయితే ఏ సమస్య మరుగున పడింది, ఎన్నాళ్లు పడింది, ఎవరు పడేశారు అని నిలదీస్తే జవాబు అంత సులువుగా రాదు. ఈ సంగతి తేల్చుకోవడానికి కర్నూలు జిల్లావాసులు ఎక్కడికో వెళ్లనక్కరలేదు. 2009 డిసెంబరును గుర్తుచేసుకుంటే చాలు.

ఆ ఏడాది జిల్లాకు అన్నీ కష్టాలే. వానాకాలం మొదట్లో చుక్క రాలలేదు. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమల అడవుల్లో కూలిపోయింది. నెల తిరిగేసరికి వరద. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊరి మీద పడ్డాయి. మంత్రాలయం మునిగింది. అవతలి ఒడ్డున అలంపురం మునిగింది. 885 అడుగులకు నిండే శ్రీశైలం జలాశయంలో నీరు 890 అడుగులు దాటి పైకి ఎక్కుతుంటే డ్యాం నిలుస్తుందా లేదా అని కింద వున్న ఊళ్లన్నీ ఊపిరి బిగబట్టాయి. నీళ్లు తీశాక మిగిలింది బురద. పట్టాదారు పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు, బీరువాలో చీరలు అన్నీ ఆ బురదలోనే.

డిసెంబరు వచ్చేసరికి ఆ బురద ఇంకా పూర్తిగా ఆరలేదు. పరిహారం ఎవరికందింది, ఎవరికందలేదు అన్న మాటే పేటల్లో వినబడుతుండేది. అంతలో డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణపై ప్రకటన చేశారు. ఇటు సీమలో, కోస్తాలో బంద్‌లు, రాజీనామాలు. 23న ఆయనే విస్తృత సంప్రదింపులు కావాలంటూ మరో ప్రకటన చేశారు. ఈసారి అటు తెలంగాణ భగ్గుమంది.

సరిగ్గా రెండు రోజులకు, క్రిస్మస్ నాడు, ఒక తెలుగు వార్తా చానల్ గవర్నర్ నారాయణ్‌దత్ తివారీ మీద కథనం ప్రసారం చేసింది. ఆయన వయసు అప్పటికి 84. ఉత్తరప్రదేశ్‌కూ, తర్వాత ఉత్తరాఖండ్‌కూ ముఖ్యమంత్రిగా చేసిన పెద్దమనిషి. మహిళలతో వున్నట్లు చూపిన దృశ్యాలు కల్పితమని రాజ్‌భవన్ ఖండించింది. హైకోర్టు ఉత్తర్వుతో అదేరోజు ప్రసారం ఆగిపోయింది. ప్రసారం ఆగినా నోళ్లు ఆగుతాయా? మహిళా సంఘాలు రోడ్డెక్కాయి. మర్నాడు 26న తివారీ రాజీనామా చేశారు. చెప్పిన కారణం అనారోగ్యం. ఛత్తీస్‌గఢ్ గవర్నర్‌గా వున్న నరసింహన్‌కు ఇక్కడి బాధ్యతలు అప్పగించారు. అలా వచ్చిన ఆయన 2019 దాకా వున్నారు.

ఉద్యమం ఆగిందా?

దృష్టి మళ్లడమే నిజమైతే ముందుగా మరుగున పడవలసింది తెలంగాణ మాట. అది పడలేదు. రాజ్‌భవన్ గొడవ జరుగుతున్న రోజుల్లోనే బంద్‌లు నడిచాయి. బస్సులు డిపోలు దాటలేదు. విద్యార్థులు క్యాంపస్‌లు విడిచి రాలేదు. 2010 జనవరి 5న ఢిల్లీలో ఎనిమిది పార్టీలను పిలిచి మాట్లాడారు. ఫిబ్రవరి 3న శ్రీకృష్ణ కమిటీ వేశారు. గవర్నర్ కథ పది రోజులు కాకముందే చల్లారింది. కడుపు మండుతున్నవాడికి ఎవరి బాగోతమూ కాలక్షేపం కాదు.

మరి వరద బాధితుల మాట? అది అప్పటికే వెనకబడింది. అందుకు తివారీని తప్పుపట్టడం అన్యాయం. వరద వార్తకు ఆయుష్షు తక్కువ. నీళ్లున్నంతవరకే కెమెరాలుంటాయి. నీళ్లు తీశాక వుండేది వీఆర్వో జాబితా, తహశీల్దార్ సంతకం, బ్యాంకు వరుస. వాటిని చూపితే ఎవరు చూస్తారన్నది చానళ్ల లెక్క. రాజ్‌భవన్ గొడవ లేకపోయినా ఆ గంట వరద బాధితులకు దక్కేదన్న నమ్మకం లేదు.

నిజంగా మరుగున పడింది వేరొకటి వుంది. అది ఆ కథనంలోనే వుంది. మహిళలను పంపినందుకు ప్రతిఫలంగా గనుల లీజు ఇప్పిస్తామన్నారని, ఆ మాట నిలుపుకోలేదని అందులో ఆరోపణ. అది నిజమో కాదో ఆరోపణను బట్టే చెప్పలేం. అయితే ప్రజలకు సంబంధించిన ముక్క ఏదైనా వుంటే అదే. ముసలి వయసులో ఆయన ఎలా వున్నారన్నది ఆయన ఇంటివాళ్ల బాధ. భూమిలోని ఖనిజం మాత్రం అందరిదీ.

గనుల లీజు ఎలా వచ్చేదో బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ల వ్యాపారులను అడిగితే పూసగుచ్చినట్టు చెబుతారు. గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గర దరఖాస్తు, రెవెన్యూవారి అభ్యంతరం లేదన్న కాగితం, అడవి అయితే ఆ శాఖ అనుమతి, ఆపైన హైదరాబాద్. ఇనుప ఖనిజంవంటి వాటికైతే 1957 నాటి గనుల చట్టం కింద ఢిల్లీ ఆమోదం కూడా ముందే కావాలి. ముందు దరఖాస్తు పెట్టినవారికి ముందు హక్కు అన్నది అప్పటి పద్ధతి. పైన తెలిసినవారుంటే ఫైలు పరుగెడుతుందన్న నమ్మకం అక్కడినుంచే పుట్టింది. ఈ దారిలో గవర్నర్ బంగళా ఎక్కడా లేదు. లేని చోటినుంచి హామీ వచ్చిందని ఆరోపణ వస్తే, అలాంటి హామీని నమ్మే పరిస్థితి ఎందుకు వచ్చిందని అడగాలి కదా. టీ బంకుల దగ్గర ఆ ప్రశ్న వినబడలేదు. వయసు మీద ఛలోక్తులు వినబడ్డాయి. చానళ్ల చర్చల్లోనూ మంచం దగ్గరే ఆగిపోయారు.

విచిత్రమేమంటే అదే డిసెంబరులో గనుల వార్త పక్క జిల్లాలోనే వుంది. అనంతపురం జిల్లా ఓబుళాపురం ఇనుప గనుల మీద 7వ తేదీన సీబీఐ కేసు పెట్టింది. కొద్దిరోజులకే హైకోర్టు స్టే వచ్చింది. దాదాపు ఏడాదిపాటు దర్యాప్తు కదలలేదు. లీజుల మీద గట్టిగా మాట్లాడుకోవలసిన సమయమేదైనా వుంటే అదే. ఆ నెలలోనే లీజు మాటతో కూడిన కథ బయటికొస్తే జనం బొమ్మ చూసి నవ్వుకుని వెళ్లిపోయారు.

లండన్‌లో అద్దెల బాగోతం

బ్రిటన్‌లో 1963లో జరిగింది ఇందుకు సరిగ్గా తలకిందులు. యుద్ధ మంత్రి జాన్ ప్రొఫ్యూమోకు క్రిస్టీన్ కీలర్ అనే యువతితో సంబంధం వుందని గుప్పుమంది. ఆమెకు సోవియట్ రాయబార కార్యాలయంలోని నౌకాదళ అధికారితోనూ పరిచయం వుండడంతో గూఢచర్యం భయం తోడైంది. అనుచితమేమీ జరగలేదని మార్చి 22న పార్లమెంటులో చెప్పిన మంత్రి, జూన్ 5న అది అబద్ధమని ఒప్పుకుని రాజీనామా చేశారు. జడ్జి డెన్నింగ్ నివేదిక సెప్టెంబరులో వెలువడితే కొనడానికి జనం అర్ధరాత్రి వరుసలు కట్టారట. ప్రభుత్వ నివేదిక కోసం వరుస! అలాంటి వరుస మళ్లీ ఎక్కడా కనబడి వుండదు.

ఆ కథలో ఒక పక్క పాత్ర వుంది. పేరు పీటర్ రాక్‌మన్. ఇతనితోనూ కీలర్‌కు పరిచయం. మనిషి 1962లోనే చనిపోయాడు. బతికుండగా పశ్చిమ లండన్‌లో పాత ఇళ్లు కొని అద్దెలకిచ్చేవాడు. చవక అద్దెకు ఏళ్లతరబడి వుంటున్నవాళ్లను రౌడీలను పెట్టి వెళ్లగొట్టించేవాడు. 1957 చట్టం ప్రకారం ఖాళీ అయిన ఇంటికి అద్దె కట్టడి వుండదు. అందులో వెస్టిండీస్‌నుంచి వలస వచ్చినవాళ్లను కుక్కి ఇష్టమొచ్చినంత గుంజేవాడు. నల్లవాళ్లకు ఇల్లిచ్చేవాళ్లే లేని రోజులవి. ప్యాడింగ్టన్ ఎంపీ బెన్ పార్కిన్ ఈ సంగతి మీద ఏళ్లుగా మొత్తుకుంటున్నా పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

ప్రొఫ్యూమో గొడవలో రాక్‌మన్ పేరు రాగానే విలేకరులు ఆ వీధుల మీద పడ్డారు. కీలర్ కోసం వెళ్లినవాళ్లకు తడిసిన గోడలు, ఒక్కో గదిలో ఒక్కో సంసారం కనబడ్డాయి. జులైలో పార్లమెంటులో చర్చ జరిగింది. లండన్ ఇళ్ల పరిస్థితి మీద మిల్నర్ హాలండ్ కమిటీ వేశారు. 1965లో కమిటీ నివేదిక వచ్చింది. అదే ఏడాది అద్దెదారులకు రక్షణనిచ్చే కొత్త చట్టం వచ్చింది. ఆ దుర్మార్గానికి రాక్‌మన్ పేరే స్థిరపడి ఇంగ్లీషు నిఘంటువుల కెక్కింది. మంత్రి ప్రేమాయణం లేకపోతే ఆ అద్దె ఇళ్ల గోడు ఇంకెన్నాళ్లు వినబడకుండా వుండేదో!

అమెరికాలో 1998 అనుభవం ఇంకో తీరు. మోనికా లూయిన్‌స్కీ వ్యవహారంలో అధ్యక్షుడు క్లింటన్ ఆగస్టు 17న తప్పు ఒప్పుకున్నారు. మూడు రోజులకు అఫ్గానిస్తాన్, సూడాన్‌ల మీద క్షిపణులు వేయించారు. ఆ నెల 7న నైరోబీ, దారుస్సలాంలలో అమెరికా రాయబార కార్యాలయాలను పేల్చిన బిన్ లాడెన్ ముఠా మీద దాడి అది. చాలామంది నమ్మలేదు. సొంత బండారం కప్పిపుచ్చడానికే బాంబులన్నారు. అంటే నిజమైన ముప్పు వచ్చినా ఎత్తుగడలాగే కనబడింది. ఆ నింద కూడా తర్వాత బిన్ లాడెన్‌పై బలప్రయోగానికి సంకోచించడానికి ఒక కారణమై వుంటుందని 2004లో సెప్టెంబరు 11 కమిషన్ నివేదిక అభిప్రాయపడింది. ఓటర్లు మాత్రం తొణకలేదు. డిసెంబరులో ప్రతినిధుల సభ అభిశంసించిన రోజుల్లోనే గాలప్ సర్వేలో క్లింటన్ పనితీరును మెచ్చినవారు 73 శాతం. దృష్టి మళ్లింది జనానికి కాదు, వాషింగ్టన్‌కు.

నంద్యాల ఎంపీ, ఢిల్లీ ఫోటోలు

మన దేశంలో ఈ బాపతు వ్యవహారాలకు పెద్ద పునాది 1978లో పడింది. అప్పటి రక్షణ మంత్రి జగ్జీవన్‌రామ్ కుమారుడి ఫోటోలను మేనకా గాంధీ సంపాదకత్వంలోని ‘సూర్య’ పత్రిక అచ్చేసింది. ఎమర్జెన్సీ అత్యాచారాలపై షా కమిషన్ నివేదికలు వచ్చిన సంవత్సరం కూడా అదే. కమిషన్ నివేదిక చదివినవారెందరో, ఆ పత్రిక తిరగేసినవారెందరో చెప్పనక్కరలేదు. మరుసటి ఏడాది మొరార్జీ దిగిపోయాక, చరణ్‌సింగ్ కూడా నిలబడలేకపోయాక ప్రధాని పదవికి జగ్జీవన్‌రామ్ వంతు వస్తుందనుకున్నారు. రాలేదు. 1979 ఆగస్టు 22న రాష్ట్రపతి లోక్‌సభను రద్దు చేశారు. ఆ రాష్ట్రపతి ఎవరో కాదు, 1977లో నంద్యాలనుంచి గెలిచి వెళ్లిన నీలం సంజీవరెడ్డి. ఆ నిర్ణయంలో రాజ్యాంగం పాలెంత, రాజకీయం పాలెంత అన్న వాదన నంద్యాల పాతతరంలో చాలాకాలం నడిచింది. ఫోటోల పాలు మాత్రం కొట్టిపారేయలేనిది. కొడుకు చేసిన పనికి తండ్రి మూల్యం చెల్లించాడన్న మాట నేటికీ వుంది.

అన్నింటినీ ఒకే గాటన కట్టడమూ పొరపాటే. ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టం ఒకటి, అధికారం చూపి చేసిన బలవంతం ఇంకొకటి. 2024 ఏప్రిల్‌లో కర్ణాటకలోని హాసన్‌లో ఎన్నికల వేళ పెన్‌డ్రైవ్‌లు వీధుల్లో దొరికినప్పుడు దాన్నీ కొందరు సెక్స్ కుంభకోణం అనే పిలిచారు. రాష్ట్రం కరువులో వుంటే ఈ గొడవేమిటని విసుక్కున్నవారూ వున్నారు. కరువు నిజమే. ఆ ఏడు 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలుగా ప్రకటించారు. కాని అక్కడ జరిగింది కుంభకోణం కాదు, నేరం. ఇంటి పనిమనిషిపై అత్యాచారం కేసులో మాజీ ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణకు 2025 ఆగస్టులో కోర్టు యావజ్జీవం విధించింది. అలాంటి చోట అసలు సమస్య వేరే ఎక్కడో వుందనడం ఆ ఆడవాళ్ల గోడును లెక్కలోంచి తీసెయ్యడమే. దృష్టి తప్పింది ఒక్క విషయంలో. ముఖాలు కూడా దాచకుండా ఆ వీడియోలను చేతులు మార్చుకున్నవారి విషయంలో.

ఇక గనుల సంగతి. ఇనుప ఖనిజం లీజులను వేలంలోనే ఇవ్వాలని 2015లో చట్టం మారింది. ముందు వచ్చినవాడిదే హక్కన్న పద్ధతి పోయింది. ఆ మార్పుకు దారితీసింది బొగ్గు కేటాయింపులపై 2012 నాటి కాగ్ నివేదిక, 2014లో 204 బ్లాకులను రద్దుచేసిన సుప్రీంకోర్టు తీర్పు వగైరా. వాటిలో బొమ్మలుండవు, అంకెలే. ఓబుళాపురం కేసులో గాలి జనార్దనరెడ్డిని 2011 సెప్టెంబరులో అరెస్టు చేశారు. హైదరాబాద్ సీబీఐ కోర్టు ఆయనకూ మరికొందరికీ ఏడేళ్ల శిక్ష వేసింది 2025 మే 6న. కేసు పెట్టి పదిహేనేళ్లు దాటాక. ఆ వార్త ఒక్క సాయంత్రమే నిలిచింది. తెల్లవారేసరికి పాకిస్తాన్ మీద మన దాడుల వార్తలతో తెరలన్నీ నిండిపోయాయి. జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసి బెయిలిచ్చింది.