సూర్యుడి ఫొటోలో ఏం కనిపిస్తుంది?

హిజ్రీ పదో సంవత్సరం. మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) పసికుమారుడు ఇబ్రాహీమ్ కన్నుమూసిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ పోయినందుకే సూర్యుడు నల్లబడ్డాడని జనం చెప్పుకోసాగారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండనీ, ఎవరి చావు కోసమూ ఎవరి పుట్టుక కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ తెలియజెప్పారు. గ్రహణం చూసినప్పుడు నమాజు చేయమనీ, దుఆ చేయమనీ, సదఖా ఇవ్వమనీ ఆదేశించారు. ఖగోళ శాస్త్రజ్ఞులు వెనక్కి లెక్కగట్టి, అది క్రీ.శ. 632 జనవరి 27న పట్టిన గ్రహణమని చెబుతున్నారు.

సూచన అన్నాక దాన్ని గమనించాలి. చిక్కల్లా ఏమిటంటే, మన బ్రతుకంతా ఎవరి వెలుగు మీద ఆధారపడి ఉందో ఆ సూర్యుణ్ణి మనం తిన్నగా చూడలేం. చిన్నతనంలో గ్రహణాలు చూడడం వల్ల తన చూపు మందగించిందని అల్‌బిరూనీ రాసుకున్నాడు. నీటిలో నీడ చూడడం మేలని ఆయన సలహా. ఈనాటి కంటి వైద్యులు ఆ సలహాను కూడా ఒప్పుకోరు; నీటిలో కనిపించే సూర్యుడు కూడా కంటికి ఎక్కువే. కంటి లోపలి తెరకు, అంటే రెటీనాకు, నొప్పి తెలియదు. అది కాలిపోతున్నా మంట పుట్టదు. కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మసక వస్తే గాని జరిగిన నష్టం మనిషికి తెలియదు.

అల్‌బిరూనీ కాలంవాడే అయిన ఇబ్నుల్ హైసమ్ ఇంకో దారి పట్టాడు. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఈ విద్వాంసుడు గ్రహణ ఆకారం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. చీకటి గదిలోకి చిన్న బెజ్జం గుండా ఎండను రానిస్తే, గ్రహణ సమయంలో ఎదుటి గోడ మీద పడే వెలుగు నెలవంకలా ఉంటుంది. బెజ్జం గుండ్రంగా ఉన్నా సరే. అదే బెజ్జాన్ని పెద్దది చేస్తే ఆ నెలవంక చెదిరిపోతుంది. ఎందుకని? బెజ్జంలోని ప్రతి బిందువూ గోడ మీద సూర్యుడి బొమ్మను ఒకటి వేస్తుంది. బెజ్జం సన్నగా ఉంటే ఆ బొమ్మలన్నీ దాదాపు ఒకేచోట పడి ఆకారం నిలుస్తుంది. వెడల్పైతే ఒకదాని మీదికి ఒకటి జరిగి అలుక్కుపోతాయి. వెయ్యేళ్ళ కిందటి ఈ వివరణలో కెమెరా సూత్రం సగం ఉంది. ఆ బొమ్మను పట్టి నిలిపే పదార్థం ఒక్కటే ఆయన చేతిలో లేదు.

ఆ పదార్థం వెండి లవణాల రూపంలో పంతొమ్మిదో శతాబ్దంలో దొరికింది. 1845 ఏప్రిల్ 2న ఫ్రాన్సులో ఫీజో, ఫూకో అనే ఇద్దరు యువశాస్త్రజ్ఞులు వెండి పూత వేసిన రాగిరేకు మీద సూర్యబింబాన్ని పట్టారు. ఆ రోజుల్లో మనుషుల ఫొటో తీయాలంటే వాళ్ళు కదలకుండా చాలాసేపు కూర్చోవాలి. సూర్యుడికి మాత్రం సెకనులో అరవయ్యో వంతు చాలింది. మామూలు ఫొటోకు వెలుతురు చాలక ఇబ్బంది పడతాం. ఇక్కడ వచ్చే వెలుతురును ఎలా తగ్గించాలన్నదే పని అంతా. ఈనాటికీ సూర్యుడి కెమెరాల కథ ఇదే.

ఆ రేకు మీద నల్లని మచ్చలు స్పష్టంగా వచ్చాయి. మచ్చలంటే మసి కాదు, గుంటలూ కావు. సూర్యుడి పైభాగం వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. మచ్చలో అది 4,000 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో దిగుతుంది. చుట్టూ ఉన్న తేజస్సు ముందు వెలవెలబోయి నల్లగా కనిపిస్తుంది గాని, అంత మచ్చనే విడిగా తీసి రాత్రి ఆకాశంలో పెడితే కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది. అక్కడ వేడి ఎందుకు తగ్గిందో 1908లో అమెరికాలో జార్జ్ హేల్ పరిశోధనతో తేలింది. మచ్చల్లో అయస్కాంత శక్తి భూమి అయస్కాంత శక్తికి కొన్ని వేల రెట్లు ఉంటుంది. లోపలి నుంచి పైకి పొంగే వేడి వాయువును అది అడ్డుకుంటుంది.

మన గుంటూరుకు ఈ చరిత్రలో గట్టి చోటే ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం మన తీరం మీదుగా సాగింది. మేజర్ టెన్నంట్ బృందం గుంటూరులో కెమెరా నిలిపి, సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాల్లోనే గాజు పలకల మీద ఫొటోలు తీసింది. నల్లని చంద్రబింబం అంచున ఎర్రని జ్వాలలు, వాటిలో ఒకటి పెద్ద కొమ్ములా పైకి లేచి ఉంది. అదే ఊళ్ళో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ ఆ జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి, అవి మండే హైడ్రోజన్‌లా మెరిసే వాయువులని గుర్తించాడు. మరునాడు గ్రహణం లేకుండానే మళ్ళీ వాటిని చూడగలిగాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచారి అదే గ్రహణాన్ని పరిశీలించారు. గుంటూరులో హీలియం కనుగొన్నారని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. అది పూర్తి నిజం కాదు. తెలియని ఒక పసుపు గీత ఆ గ్రహణ పరిశీలనల్లో కనబడింది. అది భూమి మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని ఇంగ్లండులో లాక్యర్ ఆ తర్వాత తేల్చాడు. భూమి మీద హీలియం చేతికి చిక్కడానికి 1895 వరకు ఆగాల్సి వచ్చింది. నిజంగా గుంటూరు ఘనత మరోటి: గ్రహణం కోసం ఎదురుచూడకుండా ఏ రోజైనా సూర్యుడి అంచును చూడవచ్చన్న దారి ఇక్కడ తెరుచుకుంది.

ఏ రోజైనా అన్నాక, ప్రతి రోజూ ఎందుకు కాకూడదు? మన దేశంలో ఆ పని పెట్టుకోవడానికి వెనక ఆకలి ఉంది. 1876-78 కరువులో మద్రాసు రాష్ట్రంలో, ముఖ్యంగా బళ్ళారి, కర్నూలు, కడప సీమల్లో, లక్షల మంది తిండిలేక చచ్చిపోయారు. వానలు తప్పడానికీ సూర్యుడి మచ్చలకూ సంబంధం ఉందేమో, ముందే పసిగట్టవచ్చునేమో అన్న ఆశతో సూర్యుణ్ణి క్రమంగా పరిశీలించాలన్న ఒత్తిడి పెరిగింది. అలా వెలసినదే కొడైకెనాల్ వేధశాల. 1904 నుంచి అక్కడ ఆకాశం తెరిపి ఇచ్చిన రోజులన్నిటా సూర్యుడి ఫొటో తీస్తున్నారు. కరువును చెప్పే సూటి లెక్క మాత్రం దొరకలేదు. మచ్చలు హెచ్చితే వాన, తగ్గితే కరువు అన్నంత సులువుగా ప్రకృతి నడవదని తేలింది. అయినా ఫొటోలు తీయడం ఎవరూ ఆపలేదు.

ఆ ఓపికకు ఫలం తర్వాత వచ్చింది. ఒక్క ఫొటో చూస్తే ఆ రోజు మచ్చలు ఎన్నో తెలుస్తుంది, అంతే. నెల రోజుల ఫొటోలు వరసగా పేరిస్తే, మచ్చలు ఒక అంచు నుంచి రెండో అంచుకు నడిచిపోతాయి. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడని కళ్ళకు కడుతుంది. ఆ తిరుగుడు కూడా గట్టి బంతి తిరిగినట్టు కాదు. నడుమన సుమారు 25 రోజులకు ఒక చుట్టు, ధ్రువాల దగ్గర 30 రోజులకు పైనే. పదకొండేళ్ళ ఫొటోలు పేరిస్తే మచ్చలు పెరగడం, తరగడం కనిపిస్తుంది. వందేళ్ళవి పేరిస్తే ఏ రెండు ఆవృత్తులూ ఒకేలా లేవని తెలుస్తుంది. కొడైకెనాల్‌లో కాల్షియం వెలుగు ఒక్కదాన్నే వడగట్టి తీసిన పాత పలకలు ఇంకా విలువైనవి. అయస్కాంత శక్తి బలంగా ఉన్న చోట్లు ఆ వెలుగులో తెల్లగా మెరుస్తాయి. దాన్ని కొలిచే పరికరాలు లేని కాలంలో సూర్యుడి అయస్కాంతం ఎలా ఉండేదో ఇప్పుడు ఆ పలకల నుంచే రాబడుతున్నారు. తీసినవాళ్ళకు ఈ ఉపయోగం ఊహకైనా అంది ఉండదు.

ఈ ఓపికకు డబ్బు కూడా కావాలి. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901 ప్రాంతంలో సొంత సొమ్ముతో ఇంగ్లండు నుంచి పెద్ద దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో వేధశాల నెలకొల్పాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టింది. నిజామియా వేధశాల ప్రధానంగా నక్షత్రాల పటం తయారుచేసింది, సూర్యుడిది కాదు. కానీ అక్కడ పనిచేసిన ఉద్యోగి కొడుకు, హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు, 1960లో కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యాడు. ఒక నవాబు ఇచ్చిన సొమ్ము ఎక్కడెక్కడ ఎలా మొలకెత్తిందో చూడండి.

ఇక ఈనాటి ఫొటోల సంగతి. ఆకుపచ్చ సూర్యుడు, నీలం సూర్యుడు, బంగారు దారాల సూర్యుడు వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి. అవి అబద్ధాలు కావు, అలాగని కంటికి కనిపించే రంగులూ కావు. అమెరికా 2010లో పంపిన ఎస్.డి.ఓ. ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో ఫొటోలు తీస్తుంది. ఆ కాంతి మన కంటికి అందదు కనుక, ఒక్కో తరంగానికి ఒక్కో రంగు శాస్త్రజ్ఞులే అద్దుతారు. ఏ ఫిల్టరు పెడితే ఆ వేడిలో ఉన్న పొర మాత్రమే కనబడుతుంది. మామూలు తెలుపు వెలుగులో నల్లమచ్చగా ఉన్న చోటే, అతినీలలోహితంలో పది లక్షల డిగ్రీల వేడి వాయువు తోరణాల్లా వంగి ధగధగలాడుతుంది. ఏది నిజమైన సూర్యుడు అని అడిగితే, రెండూ. సూర్యుడి ఫొటో ఎవరైనా పంపితే ముందు అడగవలసినది అది ఏ వెలుగులో, ఏ రోజున తీసినదని. ఆ రెండూ చెప్పలేకపోతే దాని కింద రాసిన భయాలను నమ్మనక్కర్లేదు.

భయపడవలసినది ఏదీ లేదని కాదు. 2024 మే నెలలో భూమికి పదిహేను రెట్లు వెడల్పున్న మచ్చల గుంపు ఒకటి మనవైపు తిరిగింది. అందులోంచి ఎగజిమ్మిన పదార్థం మే 10న భూమిని తాకి, రెండు దశాబ్దాల్లో ఎన్నడూ రానంత అయస్కాంత తుఫాను లేపింది. లడఖ్‌లోని హాన్లేలో కెమెరాలు ఎర్రని ధ్రువకాంతిని పట్టాయి. మన అక్షాంశాల్లో అది అరుదు. ఇలాంటి తుఫానుకే 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమంతా గంటల తరబడి కరెంటు లేకుండా పోయింది. వెలుగు మనల్ని చేరడానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఎగజిమ్మిన పదార్థానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఆ తేడాలోనే హెచ్చరిక ఉంది. ఫొటో ముందు వస్తుంది, దెబ్బ తర్వాత వస్తుంది.

మన దేశం 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1ను పంపింది అందుకే. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎప్పుడూ సూర్యుడు మరుగుపడని చోట, 2024 జనవరి 6 నుంచి అది తన కక్ష్యలో ఉంది. అందులోని ఒక దూరదర్శిని సూర్యబింబాన్ని లోపలే కప్పేసి, అనుదినం గ్రహణం తనే కల్పించుకుంటుంది. అలా బింబం చుట్టూ ఉండే పలుచని కరోనా వలయాన్ని ఫొటో తీస్తుంది. కరోనా వెలుగు బింబం వెలుగులో పది లక్షల వంతు. మహమ్మారికి ఆ పేరు వచ్చిందీ ఈ కిరీటం ఆకారం వల్లనే. ఈ ప్రయోగానికి ప్రాజెక్టు డైరెక్టరు నిగార్ షాజీ. తమిళనాడులోని సెంగోట్టై అనే చిన్న ఊళ్ళో రైతు ఇంట పుట్టి, ఊరి బాలికల బడిలో చదివి, తిరునల్వేలిలో ఇంజనీరింగ్ చేసి 1987లో ఇస్రోలో చేరారు. ఇంటర్‌తో చదువు మాన్పించి పెళ్ళి చేద్దామనుకునే తల్లిదండ్రులు స్కాలర్‌షిప్ దరఖాస్తుతో మన ముందుకు వచ్చినప్పుడు, ఈ పేరు ఒక్కటి చెప్పి చూడండి.

రాబోయే పెద్ద అవకాశం 2027 ఆగస్టు 2, సఫర్ నెల చివరి రోజుల్లో. ఆ నాటి సంపూర్ణ గ్రహణం ఈజిప్టు మీదుగా వచ్చి జిద్దాను, మక్కాను దాటుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అక్కడ అయిదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మూసుకుంటాడు. ఉమ్రాకు వెళ్ళినవాళ్ళూ, జిద్దాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలూ ఆ నిమిషాల్లో మాత్రమే కరోనాను ఫిల్టరు లేకుండా చూడవచ్చు, ఫోనుతో తీసుకోవచ్చు. అంచున మొదటి వెలుగు చుక్క కనబడగానే మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఐ.ఎస్.ఓ. 12312-2 అని ముద్రించిన గ్రహణం అద్దాలు, లేదా 14వ నంబరు వెల్డింగ్ గ్లాసు. మసిపట్టిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, రెండు మూడు కూలింగ్ గ్లాసులు ఒకదానిమీద ఒకటి, ఇవేవీ పనికిరావు. కెమెరాకు ఫిల్టరు ముందువైపు ఉండాలి. వెనక పెడితే అది పగిలి, ఎండ నేరుగా కంట్లో పడుతుంది.

మన వైపు ఆ సాయంత్రం గ్రహణం పాక్షికమే, అదీ ఆగస్టు మబ్బులు కరుణిస్తే. ఒక అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, వెలుగును తెల్ల కాగితం మీద పడనిస్తే చాలు. పిండి జల్లెడైనా పనిచేస్తుంది. మస్జిదు ఆవరణలో చెట్టు కింద ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలు రోజూ గుండ్రంగా ఉంటాయి. ఆ గంటసేపు అవన్నీ ఒకే పక్క కొరికినట్టు కనిపిస్తాయి. పిల్లలు ముందుగా చూసేది వాటినే.